సంగమ్మ తెంపిన ఆకులు

మా సంగమ్మకు పుట్టుకతో వచ్చిన గుణం అనుమానం. నారాయణఖేడ్‌లో ఎరువు కొంటే బస్తా కుట్టు ఎవరైనా విప్పారేమోనని దారమంతా తడిమి చూస్తుంది. బస్సులో పక్క మనిషి నవ్వితే సంచి ఒళ్లోకి లాక్కుంటుంది. అందుకే కాబోలు, ఊళ్లో జొన్న విత్తనం కావాలంటే అందరూ ఆమె దగ్గరికే వెళ్తారు. అంత అనుమానపు మనిషి పుచ్చు గింజను గుమ్మిలో ఉండనిస్తుందా?

ఆమె ఎగువ చేనుకు బోరు నీళ్లు, దాన్ని ఆనుకునే ఉన్న దిగువ చేనుకు వాగు నీళ్లు. విత్తనం తీసేది దిగువ చేనులోనే. పైన ఫ్యాక్టరీ వెలిసినప్పటి నుంచి రెండేళ్లుగా వాగులో నురుగు వస్తోంది. బడిలో సైన్సు చెప్పేవాణ్ణి, నాకు గుబులు పట్టుకుంది. నా దగ్గర చదువుకుని ఇప్పుడు పరిశోధన చేస్తున్న అరుణజ్యోతిని పిలిపించాను.

"ఆకు లోపల డీఎన్ఏ అని సన్నటి పోగు ఉంటదవ్వా," అంది జ్యోతి. "నీళ్లు చెడ్డయైతే తెగుతది. తెగిన ముక్కలు మా మిషన్ల తోక లెక్క సాగుతయి. ఆ తోక కొలిస్తే ఎంత దెబ్బ తగిలిందో తెలుస్తది. ఎక్కువుంటే గా చేను ఇత్తనం పెట్టొద్దు."

ఆకుల కోసం జ్యోతి తెచ్చిన ఐసు డబ్బా మూత తీయించి సంగమ్మ లోపలికి తొంగి చూసింది. "కొలిచి ఎవరికి చెప్తవ్? నా భూమి చెడిందని రాస్తే అగ్గువకు గుంజుకునేటోళ్లకా?"

"నీకే చెప్త అవ్వా."

"చేను పొట్ట మీదుంది. పరాయోళ్ల చెయ్యి పడొద్దు. నేనే తెంపుకొస్త."

అది ఆ ఇంటి ఆచారం. మేం గట్టు మీదే ఆగిపోయాం. మనిషెత్తు జొన్నలో దూరిన సంగమ్మ చాలాసేపటికి గుప్పెడు ఆకులతో వచ్చింది.

మూడు నెలలకు ఫలితం వచ్చింది. ఆకులకు ఏ దెబ్బా లేదు. సంతోషం పట్టలేక ఊరంతా చెప్పేశాను. సంగమ్మ మాత్రం విని ఊరుకుంది. ఆ మౌనం నాకు అనుమానం కలిగించాల్సింది, కలిగించలేదు.

మళ్లీ విత్తే రోజులొచ్చాయి. పక్కింటి ఇంద్రమ్మ గంపతో వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. సంగమ్మ గుమ్మి మూత మీద చెయ్యి పెట్టింది గానీ తియ్యలేదు.

"గా ఆకులు ఎగువ చేనుయి సారూ," అంది నాతో. "గా పోరి మీద నమ్మకం లేక గట్లిచ్చిన."

"మరి ఇత్తనమో సంగమ్మక్కా?" అంది ఇంద్రమ్మ.

"దిగువదే."

నాకు ఒళ్లు మండింది. అరవబోయి, ఆమె మొహం చూసి ఆగాను. జ్యోతికి ఫోన్ చేశాను. గింజలు మొలకెత్తించి పరీక్ష చేయొచ్చు, కానీ ఎంత తొందరపడ్డా నెల పడుతుందట. నెల ఆగితే అదును దాటిపోతుంది.

ఇంద్రమ్మ మూత తీసి పిడికెడు జొన్నలు పట్టుకుని వాకిట్లోకి పోయింది. ఎండలో వేలితో కదిపి కదిపి చూసింది. సంగమ్మ ఆ వేలినే చూస్తూ నిలబడింది. ముప్పై ఏళ్లలో ఆమె విత్తనాన్ని ఎవరూ అలా చూడలేదు. ఇంద్రమ్మ గింజలు తిరిగి గుమ్మిలో పోసి, ఖాళీ గంపతో వెళ్లిపోయింది.