స్పిరిట్‌కు చావనివి

కంటి ఆసుపత్రి రెండో అంతస్తులో ఆమెను అందరూ ప్లేట్లక్క అంటారు. ఇంట్లో ఆమె పెద్దకోడలు. పద్దెనిమిదేళ్లు ఈ రెండు హోదాలూ ఒకదాని జోలికి ఒకటి పోకుండా కాపురం చేశాయి. మరిది పెళ్లాడిన అమ్మాయి జన్యుశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకుని ఉండటం, కాపురానికి వచ్చిన ఆరు నెలలకే అదే ఆసుపత్రిలో, అదే అంతస్తులో, సరిగ్గా ఎదురుగదిలో ఉద్యోగం సంపాదించుకోవడంతో ఆ కాపురం కాస్తా చెడింది. ఒకే ఇంటి మెట్లు దిగి, ఒకే బస్సెక్కి, ఒకే మెట్లెక్కే తోటికోడళ్లు ఊళ్లో ఎందరున్నారో గాని, ప్లేట్లక్క తనకు దొరికిన ఒక్కర్తే చాలనుకుంది.

ఆమె పని గురించి చెప్పాలి. కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, నొప్పికి తల బాదుకుంటూ వచ్చిన రోగి కంటి ముందుపొరను, కార్నియాను, డాక్టరు సన్నటి బ్లేడుతో గీకి, ఆ గీకిన పిసరు పైకి పంపుతాడు. ప్లేట్లక్క దాన్ని గుండ్రటి ప్లేటులో జున్నులా పరిచిన అగర్ మీద పెడుతుంది. ఆ అగర్‌లో తిండి ఉండదు. పైన పలచగా పూసిన బాక్టీరియాయే మేత. పిసరులో అమీబా ఉందంటే రెండు మూడు రోజుల్లో అది మేసుకుంటూ బయల్దేరుతుంది. మంచు పడ్డ గడ్డిలో ఎవరో నడిచి వెళ్లినట్టు దారులు పడతాయి. మేత అయిపోగానే ప్రతి అమీబా తన చుట్టూ తానే రెండు వరసల గోడ కట్టుకుని తిత్తిలా ముడుచుకుంటుంది. ఇక దానికి ఎండా లెక్కలేదు, మందూ లెక్కలేదు. కుళాయి నీళ్లతో కాంటాక్ట్ లెన్సు కడుక్కున్నవాళ్లు, కంట్లో సిమెంటు పడితే తొట్టి నీళ్లు కొట్టుకున్న తాపీమేస్త్రీ, ఈత నేర్పే మాస్టారు, అలా నలభై ఒక్క మంది కళ్లలోంచి వచ్చిన అమీబాలను ఆమె బతికించుకుంటూ వచ్చింది. నెలకోసారి పాత ప్లేటులోంచి గోరంత ముక్క కోసి కొత్త ప్లేటు మీద పెట్టడమే ఆ బతికించడం.

రిజిస్టరులో వాటికి నంబర్లున్నాయి. ఆమె మాత్రం పేర్లు పెట్టుకుంది. గబగబా పాకేది ఉడుత. తిత్తి అంచులు కోసుగా ఉన్నది నక్షత్రం. పైగోడ ముడతలు పడ్డది ముడతలమ్మ. నెల రోజులకు గాని కదలనిది మొండిఘటం. డాక్టర్లు నవ్వేవారు, నవ్వి ఆమెనే అడిగేవారు. ఆమె సూక్ష్మదర్శినిలో ఓ చూపు చూసి, ఇది ఉడుత బాపతండీ, తొందరగా ముదురుతుంది, మందు మొదలెట్టెయ్యండి అనేది. ఆ మాటకు విలువుండేది.

చిన్నకోడలు రాగానే ఆ విలువకు ఎసరొచ్చింది. ఆమె గదిలోకి ఒక యంత్రం దిగింది. అమీబా లోపలి జన్యువును అక్షరాలుగా విడగొట్టి చదవడం దాని పని. ఈ అమీబాలు ప్రపంచంలో ఇరవై పైచిలుకు రకాలట, కళ్లకు పట్టేవాటిలో ఎక్కువ భాగం నాలుగో రకమేనట, మన దగ్గర ఏ రకాలెన్నో తేలిస్తే మందు ఎందుకు కొందరికి పనిచేసి కొందరికి చెయ్యదో తెలియవచ్చట. పెద్ద డాక్టరు మీటింగు పెట్టి, మన నలభై ఒక్క ప్లేట్లూ ఇక మేడమ్ చేతుల్లో పెడుతున్నాం అన్నాడు. పద్దెనిమిదేళ్లు 'నీ ప్లేట్లు' అన్న నోటితోనే 'మన' అన్నాడు. ఆ అక్షరాల మార్పును ఏ యంత్రమూ పట్టలేదు, ప్లేట్లక్క పట్టింది.

ఇంట్లో ఇంకో రకం. చుట్టాలొస్తే అత్తగారు చిన్నకోడలిని చూపించి, మా అమ్మాయి అక్షరాలు చదివి జబ్బు పట్టేస్తుంది అనేది. పెద్దమ్మాయో అని వాళ్లడిగితే, అదీ అక్కడే, ప్లేట్లు చూసుకుంటుంది అనేది. ఒకావిడ ఎంతో ఆదరంగా, క్యాంటీన్ జీతాలు బానే ఉంటాయామ్మా అని అడిగింది. ఆ రాత్రి భోజనం దగ్గర మొగుడు ఆ మాట తలుచుకుని నవ్వాడు. ప్లేట్లక్క రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

పోనీ చిన్నకోడలు పొగరుమోతైనా బాగుండేది. తన కప్పు తానే కడుక్కునేది, అక్కా అక్కా అని తిరిగేది, బస్సులో సీటు దొరికితే లేచి ఇచ్చేది. అసూయపడ్డవాళ్లకు అవతలివాళ్ల మంచితనం మందు కాదు, మేత. ఒక్క తప్పు దొరికితే చాలు, ఓ వారం హాయిగా గడిచిపోతుంది. ఆ ఒక్కటీ దొరకలేదు.

అసలు కథ మీటింగు జరిగిన మర్నాటిది. ఆ రోజు ప్లేట్లు మార్చే రోజు. ఒక ప్లేటు కోసిన బ్లేడును స్పిరిట్‌లో ముంచి, మంటలో ఎర్రగా కాల్చి, చల్లార్చాక గాని రెండోదాన్ని ముట్టకూడదు. స్పిరిట్‌కు బాక్టీరియా చస్తుంది, తిత్తి చావదు. కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ మొదటి రోజు ఆమె నేర్పే పాఠమిదే. స్పిరిట్‌ను నమ్మకు, మంటను నమ్ము. ఆ రోజు చూస్తే ఆమె బర్నరు పనిచెయ్యలేదు. రెండో బర్నరు ఎదురుగదికి తరలిపోయింది. పది అడుగులు నడిచి, ఓసారి ఇస్తావా అని అడిగితే సరిపోయేది. అడగలేదు. ఉడుతతో మొదలుపెట్టి నలభై ఒకటీ ఒకే బ్లేడుతో, ఒట్టి స్పిరిట్‌లో ముంచి తుడుస్తూ మార్చేసింది. కడుపులో కావలసినంత మంట ఉంది, బల్ల మీదే లేదు.

మూడు నెలలకు యంత్రం ఫలితం చెప్పింది. నలభై ఒకటీ నాలుగో రకమే. నాలుగో రకమే అంటే పోనీలే అనుకోవచ్చు, అక్షరం పొల్లుపోకుండా నలభై ఒకటీ ఒక్కటే. పెద్ద డాక్టరు పెదవి విరిచాడు. ఇన్నాళ్లూ ఒకే పురుగుకు నలభై పేర్లు పెట్టామన్నమాట అని నవ్వి, ఒకటి ఉంచి మిగతావి సోమవారం పారేయించమన్నాడు. అది గురువారం.

ప్లేట్లక్కకు ఆ క్షణంలోనే అర్థమైంది. ఉడుత వేగం ఆమెకు తెలిసినట్టు ఎవరికి తెలుసు. బ్లేడు మీద బతికిన తిత్తులు ప్రతి ప్లేటులోనూ విచ్చుకుని, ఆ ప్లేటు సొంతదారు కళ్లు తెరిచేలోపు మేతంతా మేసేశాయి. తాపీమేస్త్రీ పోయాడు, ఈత మాస్టారు పోయాడు, నక్షత్రం, ముడతలమ్మ, అందరూ పోయారు. ఆ పేర్లతో ఉన్నవన్నీ ఉడుతలే. పద్దెనిమిదేళ్ల పనిని పాడుచేసింది యంత్రం కాదు, పది అడుగులు నడవని తన కాలు.

శుక్రవారం మధ్యాహ్నం చిన్నకోడలు తలుపు దగ్గర నిలబడింది.

"అక్కా, ఒక్కటడుగుతాను, ఏమీ అనుకోకండి. నలభై ఒక్క మంది కళ్లలో ఒకే అమీబా ఉండదు. ఎక్కడో కలిసింది. నా గదిలోనే కలిసిందేమో, నా తప్పేనని సార్‌తో చెప్పేస్తాను."

ప్లేట్లక్క బల్ల తుడవడం ఆపలేదు. సరేనంటే సరిపోయేది, ఎవరూ కనిపెట్టేవాళ్లు కాదు. తన పేరుకు మచ్చ పడేది కాదు, అక్షరాలమ్మకు మొదటిసారి ఒక తప్పు అంటుకునేది. ఆరు నెలలుగా వెతుకుతున్న తప్పు, దానంతట అదే నడిచొచ్చి నిలబడింది. కానీ ఆ పిల్ల అంత తేలిగ్గా, ఏదో సంచీ అందుకున్నట్టు ఆ బరువు అందుకోబోవడం చూస్తే ఒళ్లు మండింది. తన ప్లేట్లు తీసుకుంది, తన మాట విలువ తీసుకుంది. ఇప్పుడు తన తప్పు కూడా తీసుకుంటుందట. అదొక్కటైనా తన దగ్గరే ఉండాలి.

"నీ గదిలో కాదు. నా బల్ల మీద. ఆ రోజు మంట లేదు."

"బర్నరు నా దగ్గరే ఉంది కదా. అడిగితే ఇచ్చేదాన్ని."

"ఇస్తావనే అడగలేదు."

చిన్నకోడలికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ప్లేట్లక్క స్టూలు లాక్కుని ఎక్కి, బీరువా మీంచి నాలుగు చెప్పుల పెట్టెలు దింపింది. పాత ప్లేట్లను ఆవిరిలో ఉడికించి పారేయాలని రూలు. ఆమెకు పారేయడం చేతకాదు. ఏడాది కిందటి నలభై ఒకటీ అందులో ఉన్నాయి, అగర్ ఎండి కాగితంలా అడుగుకు అతుక్కుపోయి, ఒక్కోదాని మూత మీద ఆమె రాసిన పేరుతో.

"చచ్చిపోయుంటాయి కదక్కా."

"నువ్వు అక్షరాలే చదివావు. వీటి పట్టుదల నీకు తెలీదు."

ఇద్దరూ కలిసే పెద్ద డాక్టరు గదికి వెళ్లారు. చెప్పింది మాత్రం ప్లేట్లక్కే. రూలు తప్పినందుకు ఒకటి, రూలు తప్పి దాచినందుకు ఒకటి, రెండు మెమోలు ఒకే రోజు చేతిలో పెట్టి, పారేసే పని ఆపించాడాయన.

ప్లేట్లక్క ఎండిన ప్రతి ముక్కనూ కొత్త అగర్ మీద పెట్టి, నీటిచుక్క వేసి, మేత పూసింది. ఈసారి బల్ల మీద రెండు బర్నర్లున్నాయి. నాలుగో రోజు ఒకదాంట్లో దారి పడింది. పన్నెండో రోజుకు ముప్పై ఏడు లేచాయి. నాలుగు లేవలేదు, వాటిలో తాపీమేస్త్రీది ఒకటి. నెల దాటాక, ఎప్పటిలాగే అందరికంటే ఆఖరున, మొండిఘటం కదిలింది. లెక్క ముప్పై ఎనిమిదైంది.

అక్షరాలు వచ్చాయి. నాలుగో రకమే ఎక్కువ, కానీ అందులోనే పదకొండు తేడాలు. మిగతావి మరో నాలుగు రకాలు. మొండిఘటం కంటిజబ్బుల్లో అరుదుగా కనిపించే రకమట. ప్లేట్లక్క నిటారుగా కూర్చుంది. అంతలోనే చిన్నకోడలు మెల్లిగా, అక్కా, మీ నక్షత్రం, ముడతలమ్మ మాత్రం ఒకటే అంది. పన్నెండేళ్లుగా అవి వేరని వాదించిన మనిషి ప్లేట్లక్క. ముఖం మాడిపోయింది. కాసేపు రిజిస్టరు తిరగేసి, తల ఎత్తకుండానే అంది.

"ఒకటే అవుతాయిలే. అవి వచ్చిన పిల్లలిద్దరిదీ ఒకే హాస్టలు. ఒకే కుళాయి దగ్గర లెన్సు డబ్బాలు కడుక్కునేవాళ్లు."

చిన్నకోడలు కళ్లు పెద్దవి చేసి, అక్షరాలకు తెలియని సంగతి ఇది అంటూ గబగబా తన పుస్తకంలో రాసుకుంది. మెచ్చుకోలు చెవిలో పడుతూనే ఉంది. కానీ ప్లేట్లక్క చూపంతా ఆ కలం మీద ఉంది. తన బుర్రలో పన్నెండేళ్లున్న సంగతి ఇంకొకరి పుస్తకంలోకి, ఇంకొకరి చేతిరాతలో ఎక్కిపోతోంది. ఈ ఫలితాల మీద పరిశోధన వ్యాసం అచ్చయినప్పుడు మొదటి పేరు ఎవరిదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తనది మూడోది. రెండోది పెద్ద డాక్టరుది, ప్లేట్లు పారేయమన్న పుణ్యానికి.

ఆ తర్వాత చిన్నకోడలు రోజూ గంటసేపు వచ్చి కూర్చునేది. కంటితో చూసి ఎలా పోల్చుకుంటారో నేర్పమంది. ప్లేట్లక్క నేర్పింది, కాదనడానికి కారణం లేదు. పైగోడ ఎలా చూడాలి, కోసులు ఎక్కడ లెక్కపెట్టాలి, పాకే దారి వెడల్పును బట్టి వేగం ఎలా అంచనా వెయ్యాలి, అన్నీ. మూడో వారానికే ఆ పిల్ల పదింటికి ఏడు సరిగా చెప్పేసింది. ప్లేట్లక్కకు అదే చెయ్యడానికి నాలుగేళ్లు పట్టింది. శెభాష్ అంటూనే లోపల ఎక్కడో చురుక్కుమంది.

"మొండిఘటాన్ని ఎలా పోల్చుకుంటారక్కా? అది మాత్రం నాకు అందట్లేదు."

దానికో గుర్తు ఉంది. తిత్తి లోపలిగోడ ఒకవైపు పైగోడకు ఆనుకుని ఉంటుంది, వెలుతురు కొంచెం తగ్గిస్తేనే తెలుస్తుంది. ప్లేట్లక్క సూక్ష్మదర్శిని దీపం వైపు చెయ్యి చాపింది. చాపి, వెలుతురు తగ్గించకుండా, దీపం మామూలుగా ఎంత ఉండాలో అంతకే పెట్టింది.

"అది చూడగా చూడగా తెలుస్తుంది," అంది.