శవం దొరకని విలన్

సూపర్ హీరోయిన్ సినిమాకు అందరూ హీరోయిన్ కోసం వెళతారు. నేను విలన్ కోసం వెళతాను. అదీ ఆడ విలన్ అయితేనే. మగ విలన్ ఉంటే ఆ సినిమా నాకు దండగ. పోస్టర్‌లో ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడాలి, ఒకామె పిడికిలి బిగించాలి, రెండో ఆమె నవ్వాలి. అలాంటి పోస్టర్ కనబడిందంటే మేడ్చల్‌లో నేను రక్తపరీక్షలు చేసే క్లినిక్‌కు ఆ శుక్రవారం సెలవు చీటీ వెళ్లిపోతుంది.

"ముప్పై ఐదేండ్లొచ్చినయి. గా ఎగురుడు దుంకుడు ఏందే నీకు?" అంటాడు మా ఆయన. క్రికెట్ పెట్టుకుని టీవీని బూతులు తిట్టే మనిషి అడగాల్సిన మాటేనా అది?  ఆయనకు జవాబివ్వాలంటే మా అక్క గురించి చెప్పాలి.

అక్క అంటే మా పెద్దనాయిన కూతురు. నాకంటే ఏడాది పెద్ద. శామీర్‌పేట దగ్గర మా ఊళ్లో ఒకే వాకిలి, అటు వాళ్లు, ఇటు మేము. ఆదివారం పెద్దనాయిన మేడ్చల్‌కు బయలుదేరితే ఇద్దరం బండి వెనక ఎక్కి కూర్చునేవాళ్లం. అక్కడ బస్ డిపో వెనక పాత పేపర్లు తూకానికి కొనే దుకాణం ఉండేది. ఆ కుప్పలో మోచేతులదాకా చేతులు దూర్చి వెతికితే బొమ్మల పుస్తకాలు దొరికేవి. అట్టలు చిరిగినవి, హీరోయిన్‌కు ఎవరో మీసాలు గీసినవి. మాకు అవే మహాప్రసాదం.

మేము వెతికేది ఒకటే వరస కథ. హీరోయిన్ గాలిలో ఎగురుతుంది. విలన్ వేలు చూపిస్తే రోడ్లు మంచులా గడ్డకడతాయి. ఇద్దరూ ఒక నగరం కోసం కొట్లాడుకుంటారు. అది మాకు భలే వింత. మా ఊళ్లో ఆడవాళ్లు నల్లా దగ్గర బిందె కోసం కొట్లాడగా చూశాం. మామూలు సినిమాల్లో అయితే హీరో కోసం. ఇక్కడ ఇద్దరికీ మొగుడి ఊసే లేదు! ఒకామె నగరాన్ని కాపాడతానంటుంది, ఇంకొకామె ఏలతానంటుంది. ఆ పేజీలు తిప్పుతుంటే నా ఒళ్లు జలదరించేది.

చదవడం అయ్యాక మా కొట్లాట మొదలు. ఇంటి వెనక ఒక పెద్ద రాతిగుండు, దాని కింద, కొత్త గది కోసం పోయించిన ఇసుక కుప్ప. నేను హీరోయిన్‌ని. నా వీపు మీద ఎగిరేది నాయిన పార్టీ కండువా. నాయిన పార్టీ మారినప్పుడల్లా మా హీరోయిన్ రంగు కూడా మారిపోయేది. అక్క విలన్. విరిగిన గొడుగు నుంచి ఊడదీసిన నల్ల గుడ్డ భుజాలకు కట్టుకునేది. ఆ వేషం ఎవరూ అంటగట్టలేదు, తనే పట్టుబట్టి తీసుకుంది.

"హీరోయిన్‌కు ఏమున్నది చెల్లె? ఎప్పుడు జూసినా మంచిగుండుడే. మస్తుగ నవ్వేది విలనే" అనేది.

ఆ నవ్వు! నడుము మీద చేతులు పెట్టి, కడుపులోంచి మెల్లగా మొదలుపెట్టి, చివరికి కొట్టంలో బర్రెలు తల తిప్పి చూసేదాకా తీసుకుపోయేది. "ఏం ఆటలే గివి, ఆడిపిల్లలై!" అని అవ్వ అరిచేది. అరుస్తూనే అరుగు చివరికి జరిగి చూసేది.

మా ఆటకు ఒక చట్టం ఉంది. పుస్తకంలో ప్రతిసారీ విలన్ కొండ మీద నుంచి నీళ్లలో పడిపోతుంది. అందరూ వెతుకుతారు. ఆఖరి బొమ్మ కింద ఒకటే మాట ఉంటుంది: శవం దొరకలేదు. అంటే వచ్చే పుస్తకంలో ఆమె మళ్లీ వస్తుందన్నమాట. అందుకని అక్క గుండు మీద నుంచి ఇసుకలోకి దూకి కళ్లు మూసుకుని పడుకునేది. నేను చుట్టూ తిరిగి వెతికినట్టు చేసి "శవం దొరకలే!" అని గట్టిగా అనాలి. అనేదాకా లేవదు. ఒకసారి అమ్మ అన్నానికి పిలిస్తే నేను ఆ మాట మరిచిపోయి లోపలికి పోయాను. తిని, చెయ్యి కడుక్కుని వచ్చి చూస్తే అక్క ఇసుకలో అలాగే ఉంది. మెడ మీద చీమలు కుట్టి ఎర్రటి దద్దుర్లు లేచాయి. నేను ఏడుస్తూ ఆ మాట అన్నాక లేచి, దులుపుకుని, "ఇగ నాకు ఆకలైతాంది" అంది.

కొన్నాళ్లకు ఆ కథ పుస్తకాలు దొరకడం ఆగిపోయింది. మేము ఊరుకుంటామా? పొడుగు నోటుబుక్కు ఒకటి తెచ్చి మిగతా కథ మేమే రాసుకున్నాం. ఒక అధ్యాయం నేను, ఒకటి తను. రాయడం అయ్యాక చివర "నీ వంతు" అని రాసి ఇచ్చేయాలి. అక్క అధ్యాయాల్లో విలన్ నగరాన్ని గెలిచి, మరుసటి రోజే విసుగొచ్చి వదిలేసేది.

నాకు పన్నెండేళ్లప్పుడు శామీర్‌పేట రోడ్డు పక్కనున్న మా భూమికి గిరాకీ వచ్చింది. వాటాల దగ్గర నాయినకు, పెద్దనాయినకు చెడింది. వారం తిరగకుండానే వాకిట్లో మేస్త్రీ దిగాడు. గోడ నడుము ఎత్తు లేచిన రోజు అక్క అవతల నిలబడి, "మీ నాయిన మోసం జేసిండంట" అంది. ఇంట్లో విన్న మాటే అని ఉంటుంది. అయినా నాకు తిక్క నెత్తికెక్కింది. నోటుబుక్కు అప్పుడు నా దగ్గరుంది. లోపలికి పోయి రాశాను: "ఈసారి శవం దొరికింది. అందరూ చూశారు. పూడ్చిపెట్టారు. ఆమె ఇక ఎన్నటికీ రాదు."

"నీ వంతు" అని రాయలేదు. గోడ మీది నుంచి అటు విసిరేశాను.

సాయంత్రానికే నా కోపం దిగిపోయింది. చంపేశానే! చంపకూడదు కదా, అదొక్కటే కదా మా చట్టం. వెళ్లి చెప్పడానికి ముఖం చెల్లలేదు. మూడు రోజులు వాకిట్లోకే రాలేదు, బడికి కూడా వెనక దారిన పోయాను. నాలుగో రోజు పొద్దున వాళ్ల సామాను లారీ ఎక్కింది. దుండిగల్ వైపు కొత్త కాలనీలో ఇల్లు తీసుకున్నారని తర్వాత తెలిసింది. నేను కిటికీ సందులోంచి చూశాను. లారీలో మంచం కోళ్ల మధ్య కూర్చుని అక్క మా తలుపు వైపు చూస్తోంది. నేను బయటికి రాలేదు.

ఇరవై మూడేళ్లు. తన పెళ్లయిందని, నిజామాబాద్‌లో ఉంటోందని బయటివాళ్లు చెబితే తెలిసింది. ఈలోగా ఎన్ని సినిమాలొచ్చాయి! తెర మీద విలన్ నవ్వినప్పుడల్లా, 'అక్క నవ్వు ముందు ఇదొక దగ్గు' అనుకుంటాను. పక్క సీటు వైపు మోచెయ్యి దానంతటదే పోతుంది. అక్కడ ఎవరో పాప్‌కార్న్ తింటుంటారు. ఈ కొట్లాటల పిచ్చి నాకు ఇంకా వదల్లేదు అంటారు గానీ, నిజం చెప్పనా? అక్క మీది బెంగే వదల్లేదు.

మొన్న ఎండాకాలం మేడ్చల్‌లో చుట్టాల అమ్మాయికి చీర కట్టించే ఫంక్షన్‌లో అక్క వాళ్లమ్మ, మా పెద్దమ్మ ఎదురుపడింది. చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయి, "మొగోళ్ల పంచాయితి మొగోళ్లకే ఉండనీ బిడ్డా, నువ్వు మాట్లాడు" అని అక్క నంబర్ ఇచ్చింది. రెండు నెలలు రాయడం, చెరపడం. 'బాగున్నావా అక్కా' అని రాస్తే నాకే చప్పగా తోచేది.

పోయిన నెల ఒక సినిమాకు వెళ్లాను. ఆఖరి కొట్లాటలో విలన్ నిజంగానే చచ్చిపోయింది. హీరోయిన్ స్వయంగా ఆమె కళ్లు మూసింది. నాకు ఏడుపు ఆగలేదు, ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. బయటికొచ్చి బస్టాపులో నిలబడి అక్కకు రెండే మాటలు పంపాను: "శవం దొరకలేదు."

చదివినట్టు గుర్తు పడింది. జవాబు లేదు. మరునాడూ లేదు. క్లినిక్‌లో ఒకాయనకు సూది గుచ్చబోతూ ఫోన్ వైపు చూసి తిట్లు తిన్నాను. 'నన్ను మరిచిపోయిందేమో, ఇదేం పిచ్చి మెసేజ్ అనుకుందేమో' అని తెగ కుమిలిపోయాను.

మూడో రోజు ఒక ఫోటో వచ్చింది. పసుపురంగు తిరిగిన పొడుగు నోటుబుక్కు పేజీ. పైన నా కోడిగీతల రాత, "ఇక ఎన్నటికీ రాదు." దాని కింద పెన్సిల్‌తో అక్క గుండ్రటి అక్షరాలు: "అది ఆమె శవం కాదు. దొరికింది నల్ల గుడ్డ ఒక్కటే. హీరోయిన్ కోపంలో సరిగా చూడలేదు. నీ వంతు."

ఆ తర్వాత మెసేజ్. "గా దినమే రాసిన చెల్లె. మూడు దినాలు బుక్కు పట్టుకొని గోడకాడనే కూసున్న. నువ్వు రాలే."

నేను వచ్చి ఆ మాట అనేదాకా, చీమలు కుట్టినా లేవని మనిషి మా అక్క. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? తెలిసీ మూడు రోజులు వెనక దారిన బడికి పోయాను.