ఫ్లోరిస్ బాబాయ్ ఫ్రెడాకు చెప్పిన మాటలు

ఫ్లోరిస్ బాబాయ్ తన బండితో మాట్లాడతాడు. ఇందులో వింతేమీ లేదు. డ్రాకెన్స్‌బర్గ్ కొండ కనుమల మీదుగా, చక్రాల ఇల్లులాంటి ట్రైలర్ తగిలించుకుని లాగే వాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు బండితో మాట్లాడినవాళ్ళే. ఆ మాటల్లో చాలావరకు అచ్చు వేయదగినవి కావు, అంతే. వింతల్లా ఏమిటంటే, బాబాయ్ మాట్లాడేటప్పుడు వాకీటాకీ మీట మీద నుంచి బొటనవేలు తీయడం మరిచిపోతాడు. అందువల్ల వెనక వచ్చే ఆరు బండ్ల వాళ్ళూ ఆ ఏకాంత సంభాషణను ఆమూలాగ్రం వినాల్సి వస్తుంది.

బండి పేరు ఫ్రెడా. ఇది మూడో ఫ్రెడా. ముందు ఇద్దరూ దీర్ఘకాలం సేవ చేసి పాత ఇనుములో ఐక్యమయ్యారు.

"పెళ్ళయి నలభై ఆరేళ్ళు. ఈ మనిషి నాతో ఇన్ని మాటలు మాట్లాడి ఎరగడు" అంటుంది హెస్టర్ పిన్ని, ఆయన పక్క సీట్లో కూర్చుని గుడ్లు ఒలుస్తూ. "ఒకసారి మాంసంలో ఉప్పు తక్కువైందన్నాడు. అదీ పక్కింటావిడతో."

ట్రైలర్ల సంఘం ఈ బొటనవేలి విషయమై మూడు సర్వసభ్య సమావేశాలు జరిపింది. చివరికి అందరూ కలిసి ఆయనకు కొత్త వాకీటాకీ కొనిచ్చారు. కానీ బొటనవేలు పాతదే కదా.

ఎల్సాబె ఆ మాటలు పదకొండేళ్ళుగా వింటోంది. భర్త నీల్స్ బండి తోలుతుంటే పక్కన కాఫీ ఫ్లాస్కు పట్టుకుని, పడీ పడీ నవ్వుతూ. నీల్స్ పోయి ఎనిమిది నెలలయింది. ఈసారి స్టీరింగు ముందు తనే కూర్చుంది. ఫ్లాస్కు మరిది టియెల్మన్ చేతిలో ఉంది.

టియెల్మన్ మంచివాడే. కాకపోతే ఆ ట్రైలర్ ఆడమనిషి లాగేది కాదని, దాన్ని తన స్నేహితుడికి అమ్మేస్తే అందరికీ క్షేమమని ఎనిమిది నెలలుగా చెబుతున్నాడు. చివరికి ఎల్సాబె విసిగిపోయి పందెం కాసింది. "వొల్వెకొప్ కనుమ దాటిస్తాను. దారిలో ఒక్కసారి నీ చేతికి స్టీరింగు ఇచ్చానా, సోమవారం పొద్దున్నే నీ స్నేహితుణ్ణి రమ్మను. లేదంటే ఈ మాట మళ్ళీ ఎత్తకు."

కొండ కింద, గొర్రెల దొడ్డి గేటు దగ్గర బండ్లన్నీ ఆగాయి. పైకి చూస్తే దారి లేదు. నల్లరాతి గోడ మీద ఎవరో గోరుతో గీసినట్టు ఒక గీత ఉంది. అదే దారి. దాని మీద మబ్బు, మబ్బు మీద మళ్ళీ కొండ.

సంఘంలోని మగవాళ్ళు ఆరుగురూ ఎల్సాబె చుట్టూ చేరి ఆరు రకాల సలహాలు ఒకేసారి మొదలుపెట్టారు.

"ఎవరైనా నాకు పాఠం చెప్పారంటే ట్రైలర్ ఇక్కడే వదిలేసి నడిచిపోతాను" అంది ఎల్సాబె.

ఫ్లోరిస్ బాబాయ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఎవరు చెబుతారమ్మా నీకు? నాకు ఫ్రెడాతోనే సరిపోతోంది. నువ్వు మాత్రం నా వెనకే రా. నీ బండి రంగు దానికి ఇష్టం. అద్దంలో కనబడుతూ ఉండాలంటుంది."

మొదటి మలుపు రాకముందే వాకీటాకీ గరగరలాడింది.

"ఒసే ఫ్రెడా, కుడిపక్క అద్దం చూసుకున్నావా? చూసుకో. నీ ట్రైలర్‌కి నీకున్నంత బుద్ధి లేదు, అడ్డదారిన లోపలికి కోసుకొస్తుంది. ముందు వెడల్పుగా బయటికి పో. ఇంకా పో. ఇప్పుడు తిరుగు. శభాష్!"

"ముసలాయనకి మతి పూర్తిగా పోయింది" అన్నాడు టియెల్మన్. అతని చెయ్యి చేతి బ్రేకు మీద గద్దలా తిరుగుతోంది.

"చెయ్యి తియ్యి."

"ఊరికే పెట్టా వదినా."

"ఊరికే తియ్యి."

మూడో మలుపు. నాలుగోది. కంకర చక్రాల కింద నలుగుతోంది. ఎడమ పక్క లోయ అడుగున ఇందాకటి గొర్రెల దొడ్డి అగ్గిపెట్టంత అయింది. రాబందులు ఎగురుతున్నాయి, ఎల్సాబెకు కనిపిస్తున్నవి వాటి వీపులు. పక్షుల వీపులు చూసే ఎత్తుకు మనిషి ఇలా బండి వెనక ఇల్లు తగిలించుకుని రావడం ఏమిటనుకుంది ఆమె.

"లోయలోకి చూడకే ఫ్రెడా" అంది వాకీటాకీ. "రాబందుల పని రాబందులు చూసుకుంటాయి. నీ పని మలుపు. క్లచ్ మీద కాలు పెట్టుకుని కూర్చోకు, అదేం పీట కాదు."

ఎల్సాబె తెలియకుండానే కాలు తీసేసింది.

ఏడో మలుపు నిటారుగా ఉంది. నీల్స్ అంతటివాడు కూడా అక్కడ పాటలు ఆపేసేవాడు. ఎల్సాబె బండి సగం తిరిగింది, దగ్గింది, ఆగిపోయింది. వెనక టన్నున్నర బరువు ఆమెను మెల్లగా లోయవైపు లాగింది.

"వదినా!" టియెల్మన్ అరిచాడు. "దిగు, నేను పట్టుకుంటా, దిగు!"

"ఫ్రెడా." వాకీటాకీలో గొంతు మారలేదు. "కాలితో బ్రేకు గట్టిగా తొక్కు. చేతి బ్రేకు లాగు. ఆ, అంతే. ఎక్కడికీ పోవు. ఏడవాలనుంటే పైకెళ్ళాక ఏడుద్దువుగాని, అక్కడ మంచి చోటుంది. ఊపిరి తీసుకో."

ఎల్సాబె ఊపిరి తీసుకుంది.

"చిన్న గేరు. అన్నిటికంటే చిన్నది. ఇంజను మళ్ళీ లేపి రొద పెంచు. క్లచ్ మెల్లగా వదులు, ముక్కు కాస్త లేచేదాకా. లేచిందా? ఇప్పుడు చేతి బ్రేకు వదిలేయ్. పో తల్లీ, పో!"

బండి ఒక్కసారి వణికి కదిలింది. ట్రైలర్ చక్రం అంచు రాయిని రాసుకుంటూ తిరిగింది. టియెల్మన్ ఫ్లాస్కును పసిబిడ్డలా గుండెకు హత్తుకున్నాడు.

రెండు వేల ఆరువందల మీటర్ల ఎత్తున మబ్బు విడిపోయింది. నాలుగు దిక్కులా కొండలే. ఒకదాని వెనక ఒకటి నీలంగా, ఇంకా నీలంగా, చివరికి ఏది కొండో ఏది ఆకాశమో తేలకుండా. వాగుడుకాయలైన ఆరుగురు మగవాళ్ళూ సలహాలు మరిచిపోయి టోపీలు చేత్తో పట్టుకున్నారు. దుప్పటి కప్పుకుని పొట్టి గుర్రం మీద పోతున్న గొర్రెల కాపరి ఒకడు ఆగి, ఏడు ట్రైలర్లనూ చూసి, ఇళ్ళు మోసుకు తిరిగే ఈ జాతి మీద జాలిపడి, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

టియెల్మన్ కిందికి దిగాడు. ఫ్లాస్కు ఇంకా వదలకుండా ట్రైలర్‌కు ఆనుకుని నిలబడ్డాడు. "వదినా, మావాడికి ఇంకో ట్రైలర్ చూస్తాలే" అన్నాడు.

ఎల్సాబె ఏడవడం పూర్తి చేసి, కాఫీ పోసి, రెండు ఎండు రొట్టెముక్కలు కప్పు పక్కన పెట్టుకుని ఫ్రెడా దగ్గరికి వెళ్ళింది. బాబాయ్ ముందు మూత ఎత్తి నూనె చూసుకుంటున్నాడు. సీటు మీద పెడదామని తలుపు తెరిచి, వంగి, స్టీరింగు కిందికి చూసింది.

కింద రెండే పెడళ్ళు ఉన్నాయి. ఒకటి బ్రేకు, ఒకటి యాక్సిలరేటర్. గేర్లు వాటంతట అవే పడే బండి.

పక్కసీట్లో హెస్టర్ పిన్ని గుడ్డు ఒలవడం ఆపింది. "ఎడమ మోకాలికి ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఈ క్లచ్ లేని బండే" అంది మెల్లగా. "మేమిద్దరమే వెళ్ళేటప్పుడు ఒక్క ముక్క మాట్లాడడు. ఏటా ఎవరో ఒకరు కొత్తగా తోలేవాళ్ళు ఉంటారుగా, వాళ్ళు వెనకుంటేనే ఫ్రెడాకి బుద్ధులు చెబుతాడు. ఆ మీట నొక్కి ఉన్నంతసేపూ ఇంకెవరి మాటా వినబడదు, వదిలితే మిగతావాళ్ళంతా సలహాలు మొదలెడతారట. నీ నీల్స్ మొదటిసారి వచ్చినప్పుడు ఫ్రెడా ఇంకా మొద్దుగా ఉండేది."

ఎల్సాబె కప్పు పట్టుకుని ముందుకు వెళ్ళింది.

"బాబాయ్, ఫ్రెడాకి క్లచ్ ఏదీ?"

ఆయన నూనె పుల్లను గుడ్డతో తుడిచాడు. దాన్ని వెలుగుకు పట్టి చూశాడు. కొండలకేసి కూడా ఓసారి చూశాడు.

"తీయించేశానమ్మా" అన్నాడు. "ఎన్నిసార్లు చెప్పినా దాని మీదే కాలు పెట్టుకుని కూర్చుంటోంది."