పంకా తాడు రంధ్రం

పాత చర్చి చరిత్ర కావాలంటే మీరేం చదువుతారు, గోడల మీది దొరల పేర్లేనా? కాకినాడ నుంచి వెళ్లిన నేనూ పాతబస్తీలో దబీర్‌పురా దగ్గరి ఆంగ్లికన్ చర్చిలో వాటినే రాసుకుంటున్నాను. అంతలో, అక్కడ ఊడ్చే ముసలి మరియమ్మ గోడలో రంధ్రం పూడ్చబోతున్న మేస్త్రీకి అడ్డం నిలబడింది.

“గది ముయ్యకు అన్నా! మా తాత బయట కూసొని గా బొక్కలకెళ్లే, లోపల దొరలకు గాలొచ్చేటట్టు బట్ట పంకా తాడు గుంజిండు. మూస్తే ఆయన ఉన్నట్టు ఎట్ల తెలుస్తది?”

“బల్లులొస్తయమ్మా!”

“రానీ. మా తాతనైతే లోపలికి రానియ్యలే, బల్లులనన్న రానీ.”

మేస్త్రీ నవ్వి తాపీ దించాడు. ఆదివారాలు ఆమె ఆ రంధ్రం కిందే, ముందు బల్ల మీద కూర్చుంటుందట. దేవుడికి ఎన్నడూ పెట్టని దండం ఆమెకు పెట్టాను.

మీ ఊళ్లో పాత కట్టడం బాగుచేస్తుంటే వెళ్లండి. అలాంటి రంధ్రాన్ని మూయనివ్వకండి.