ఒక్క శాలువా, ఐదు జతల భుజాలు

మహామహా సేనాపతులు జన్మంతా కష్టపడినా చేయలేని పనిని నేను నాలుగు రోజుల్లో చేశాను. ఒకే పోటీలో ఉన్న ఐదుగురినీ ఒకేసారి గెలిపించి, నేనొక్కదాన్నే ఓడిపోయాను. అదీ కత్తి పట్టకుండా, మా కొట్లో స్టూలు మీంచి లేవకుండా, సెల్‌ఫోను చెవి దగ్గర పెట్టుకుని. ఇంత నష్టం ఇంత తక్కువ శ్రమతో జరిగిన యుద్ధం ఇంకొకటి ఉంటే చెప్పండి, వింటాను.

మాది నిడదవోలు. స్టేషన్ నుంచి బజారుకి వచ్చే దారిలో కిరాణా కొట్టు. అందులో నేను కూర్చోబట్టి ముప్పై అయిదేళ్లు దాటింది. మొదటి ముప్పై ఏళ్లూ అక్షరం ముక్క రాకుండానే కూర్చున్నాను. సబ్బుని రంగుతో, టీపొడిని వాసనతో, బిస్కెట్లని బొమ్మతో గుర్తుపట్టేదాన్ని. కంపెనీవాళ్లు అట్ట రంగు మార్చినప్పుడల్లా నాకు వారం రోజులు గ్రహణమే. చివరికి మా కోడలు పద్మ, "అత్తయ్యా, రంగులు మారతాయి గాని అక్షరాలు మారవండి" అని పాత క్యాలెండరు కాగితాల వెనక అ ఆలు దిద్దించింది. అప్పటికి నాకు యాభై ఆరు.

అక్షరాలు వచ్చాక కంటికి కనిపించినదల్లా చదవడం మొదలుపెట్టాను. పొట్లాలు కట్టడానికి మేము పాత పుస్తకాలు తూకానికి కొంటాం. ఒకరోజు చింతపండు కట్టబోతూ చేతిలో కాగితం చదివాను. అందులో ఒక యుద్ధం నడుస్తోంది. ఇటు ఏనుగులు, అటు గుర్రాలు. రాజుగారి ఏనుగు బెదిరిపోయి సొంత సైన్యం మీదికే తిరిగింది. సరిగ్గా అక్కడ పేజీ అయిపోయింది. తరువాతి పేజీ అప్పటికే పావుకిలో మినపగుళ్లతో ఎవరింటికో వెళ్లిపోయింది.

ఎవరు గెలిచారో తెలియక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. కొట్టుకి వచ్చిన ప్రతివారినీ, మొన్న మా దగ్గర మినపగుళ్లు తీసుకున్నారా, ఆ కాగితం ఉంచారా అని అడుగుతుంటే పద్మ భరించలేక, నన్ను ఫోనులో ఒక గ్రూపులో చేర్పించింది. పాతకాలపు యుద్ధాల గురించి మాట్లాడుకునే తెలుగువాళ్ల గ్రూపు అది. దాన్ని నడిపే విశ్వనాథం గారు మా ఊరివారే, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఒకప్పుడు రైళ్లకి పచ్చజెండా ఊపిన చెయ్యి, ఇప్పుడు పొద్దస్తమానం గొడవలకి ఎర్రజెండా ఊపుతూ ఉంటుంది.

నేను చేరగానే, ఏనుగు వెనక్కి తిరిగాక ఏమైందండి అని అడిగాను. అంతే. ఏనుగు లేనిదే సైన్యం లేదని రాజమండ్రిలో చరిత్ర చెప్పే లెక్చరరు గారు, ఏనుగంత దండగమారి జంతువు ఇంకొకటి లేదని భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ ఉన్న రాజు గారు, మూడు రోజులు కొట్టుకున్నారు. మిగతావాళ్లు చెరో పక్కా చేరారు. ఆ యుద్ధంలో ఎవరు గెలిచారో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. కాని నాకు ఆ కొట్లాట పొట్లం కాగితం కన్నా రుచిగా అనిపించింది. అక్కడే ఉండిపోయాను.

ఆ గ్రూపుకి ఒక ఆనవాయితీ ఉంది. డిసెంబరు రాగానే ఆ ఏడాది జరిగిన చర్చల్లో తమకు నచ్చినవి తలా ఒకటి చెబుతారు. అందులోంచి ఐదు తేలతాయి. ఆ ఐదింటిలో మేటి చర్చ ఏదో తేల్చి, దాన్ని మొదలుపెట్టినవారికి రాజమండ్రిలో, గోదావరి గట్టు దగ్గర ఒక చిన్న హాల్లో శాలువా కప్పుతారు. శాలువా కప్పించుకున్నవారు పది నిమిషాలు మాట్లాడవచ్చు. మిగతా నలుగురూ చప్పట్లు కొట్టి పులిహోర తినాలి. అంతకుముందు ఓట్లు వేసి తేల్చేవారట. ఒక ఏడాది ఆ ఓట్ల మీద జరిగిన చర్చే అన్నిటికన్నా పెద్దదైపోయిందని విశ్వనాథం గారు ఓట్లు మానేశారు.

ఆయన మా కొట్టుకి వచ్చి, "సత్యవతమ్మ గారూ, ఈ ఏడు మీరే తేల్చాలండి" అన్నారు.

నాకేం తెలుసునండి అన్నాను.

"అందుకేనండి. తెలిసినవాళ్లంతా ఏదో ఒక పక్షం. పైగా గ్రూపులో రాసినదంతా ఒక్క అక్షరం వదలకుండా చదివేది మీరొక్కరే. రాసినవాళ్లు కూడా అంత శ్రద్ధగా చదువుకోరు."

కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ముసలితనంలో నేర్చుకున్న అక్షరాలు అంతకన్నా ముద్దు. పొంగిపోయి ఒప్పుకున్నాను. ఫలితం ఆ రోజు దాకా ఎవరికీ చెప్పకూడదని ఆయన మరీమరీ చెప్పి వెళ్లారు.

ఐదు చర్చలూ రెండేసి సార్లు చదివాను. లెక్చరరు గారు ఆ ఏడు మళ్లీ లేవదీసిన ఏనుగులు ఒకటి. మంచు పెద్ద పెద్ద సైన్యాల్ని ఎలా మింగిందో చెప్పిన రాజు గారిది ఒకటి. రోజూ ఐసు మధ్య తిరిగే మనిషి కదా, చదువుతుంటే నాకు డిసెంబరు ఎండలో కూడా పళ్లు కొట్టుకున్నాయి. వరదలో ఉన్న నదిని సైన్యాలు ఎలా దాటేవని పోలవరంలో పనిచేసే ఇంజనీరు గారిది. కత్తులకన్నా జ్వరాలు ఎక్కువమందిని చంపాయని తణుకు డాక్టరు గారిది. ఐదోది మా వీధి చివరి అప్పారావు గారిది.

అప్పారావు గారు సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చారు. కొండల మీద ఒక కాపలా చౌకీలో ఉండగా మంచు కురిసి దారి మూసుకుపోతే, ఒక కంచరగాడిద బియ్యం బస్తాలు మోసుకుంటూ వచ్చిన సంగతి ఆయన రాశారు. దాని మీద, యుద్ధాల్లో బరువులు మోసిన జంతువుల గురించి పెద్ద చర్చ జరిగింది. ఆయన భార్య కాంతం గారు మా కొట్టుకి ఇరవై ఏళ్ల ఖాతాదారు. ఆ ఇంట్లో ఆ గాడిద కథకి ఒక దురదృష్టం ఉంది. ఆయన మొదలుపెట్టడం, అది సగం కొండ ఎక్కడం, కాంతం గారికి పొయ్యి మీద ఏదో గుర్తొచ్చి లేచి వెళ్లడం. ముప్పై ఏళ్లలో ఆ గాడిద వంటింటి గడప దాటి పైకి ఎక్కింది లేదు.

నా మనసులో మొదటిది అదే. ఒక కాగితం మీద "అప్పారావు గారు, కంచరగాడిద" అని గుండ్రంగా రాసి, మడిచి, చేతిసంచిలో పెట్టుకున్నాను. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు.

ఇక్కడ మీకు మా వ్యాపారం సంగతి ఒకటి చెప్పాలి. కొట్టుకి వచ్చినవారు ఏది అడిగినా, "మీకోసమే తీసి ఉంచానండి" అనాలి. మా అత్తగారు నాకు నేర్పిన మొదటి పాఠం అది. ఒకే బస్తాలోని కందిపప్పుని పొద్దుటినుంచి పాతికమందికి వాళ్లకోసమే తీసి ఉంచుతాం. అది అబద్ధం కాదు, మర్యాద. అనకపోతే, ఏంటండీ, మేం కానివాళ్లమైపోయామా అంటారు. ముప్పై అయిదేళ్లుగా ఆ మాట నా నోట్లో తిరగలిలా తిరుగుతూనే ఉంది. దాన్ని నేను అనను, అదే వస్తుంది.

మొదట రాజు గారు ఫోను చేశారు. "ఏవండీ, మా మంచు సంగతి ఏం చేశారండీ?"

"మీకోసమే తీసి ఉంచానండి రాజు గారూ."

"ఆయ్, చాలండి. మా బావగార్లని కూడా తీసుకొస్తానండి."

పెట్టేశాక కూడా నాకేమీ తప్పు తోచలేదు. కందిపప్పు అడిగినవారికి చెప్పినట్టే చెప్పాను. మర్నాడు లెక్చరరు గారు ఏనుగుల గురించి కనుక్కున్నారు, ఆయనకీ తీసి ఉంచాను. ఇంజనీరు గారికి నది, డాక్టరు గారికి జ్వరం తీసి ఉంచాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మరీ మంచిదైపోయి నాలుగు ఊళ్లని నా మీదికి నడిపించుకొస్తోందని నాకేం తెలుసు?

నాలుగో రోజు అప్పారావు గారు స్వయంగా వచ్చారు. ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి అన్నారు. "చెల్లెమ్మా, నేను ఫలితం అడగడం లేదు. మీ వదినని తీసుకురావచ్చా అని అడుగుతున్నాను, అంతే. అక్కడైతే లేచి వెళ్లడానికి పొయ్యి ఉండదు."

ఆయనకి చెప్పినప్పుడు మాత్రం నేను మర్యాదకి అనలేదు, నిజంగానే అన్నాను. మాట మాత్రం అదే. తీసి ఉంచానండి.

శాలువా కప్పే రోజు ఉదయం పద్మా నేనూ బస్సు దిగి హాల్లోకి వెళ్లేసరికి ముందు వరసలో ఐదుగురూ ఇస్త్రీ మడతలు నలగకుండా కూర్చున్నారు. రాజు గారి వెనక ఆయన బావగార్లు ముగ్గురు. డాక్టరు గారి చేతిలో మిఠాయి డబ్బా. ఇంజనీరు గారు జేబులోంచి కాగితం తీసి పెదవులు కదుపుతున్నారు. లెక్చరరు గారి కాగితం ఇంకా పెద్దది. అప్పారావు గారు పతకాలు పెట్టుకుని నిటారుగా కూర్చున్నారు, పక్కన కాంతం గారు పట్టుచీరలో. ఒకరి వంక ఒకరు జాలిగా చూసుకుంటున్నారు. పాపం, ఆయనకి రాలేదు, నాకొచ్చింది అన్న చూపు. ఐదుగురి కళ్లలోనూ అదే చూపు.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. సైన్యంలో చేసినవాళ్లూ, సైన్యాల గురించి చదివేవాళ్లూ మాటని మర్యాదగా పుచ్చుకోరు, ఆజ్ఞగా పుచ్చుకుంటారని నాకు అంతవరకు తట్టలేదు.

విశ్వనాథం గారు దగ్గరికొచ్చి, "ఏంటమ్మా ఇది, ఐదుగురూ ధన్యవాదాలు చెప్పడానికి సమయం అడుగుతున్నారు. శాలువా ఒక్కటే కదండీ" అన్నారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఒక శాలువాలో ఐదుగురు పెద్దమనుషుల్ని ఇమడ్చాలంటే దాన్ని దుప్పటిగా పరిచి కూర్చోబెట్టాలి తప్ప మార్గం లేదు.

నన్ను మైకు ముందుకి పిలిచారు. సంచిలో కాగితం ఉంది. తీసి చదివితే, మిగతా నలుగురూ లేచి మాకూ ఇదే చెప్పారంటారు. మా వీధి మనిషి కాబట్టి ఇచ్చారంటారు. అప్పారావు గారు గెలిచీ తల దించుకోవాలి, అదీ కాంతం గారి ముందు. చదవకపోతే గెలవకుండా దించుకోవాలి. కాగితం తీయలేదు. తీసి ఉంచానని చెప్పిన మనిషిని, తీసే వేళకి తీయలేకపోయాను.

"అందరికీ మీదే అని చెప్పానండి. తప్పు నాదే. అలవాటులో వచ్చేసింది" అన్నాను.

రాజు గారి బావగార్లు ముగ్గురూ ఒకేసారి ఆయన వంక తిరిగారు. లెక్చరరు గారు కాగితం నాలుగు మడతలు పెట్టారు. అప్పారావు గారు మాత్రం ఎవరి వంకా చూడలేదు, తన బూట్ల వంక చూసుకున్నారు.

అప్పుడు కాంతం గారు లేచారు.

"ఎందుకండీ అందరూ అలా కూర్చుండిపోయారు? ఇరవై ఏళ్లుగా ఈవిడ నాకోసమే కందిపప్పు తీసి ఉంచుతున్నారు. ఇంటికెళ్లి చేటలో పోస్తే ఊళ్లో అందరింట్లో ఉన్న రాళ్లే నా ఇంట్లోనూ ఉంటాయి. మా ఆయన వచ్చి సత్యవతి గారు తీసి ఉంచారట అనగానే, మనకి రానట్టే లెండి అని అప్పుడే చెప్పాను. తెలిసే వచ్చాను."

"తెలిసీ ఎందుకొచ్చావు?" అన్నారు అప్పారావు గారు, బూట్లని అడుగుతున్నట్టు.

"ఇంతమంది కూర్చుని వినే కథట కదా. చివర ఏమవుతుందో విందామని."

ఎవరు ముందు నవ్వారో తెలియదు. డాక్టరు గారు మిఠాయి డబ్బా విప్పారు. తెచ్చుకున్న ఉపన్యాసాలు పాడుచేయడం ఎందుకని విశ్వనాథం గారు ఐదుగురినీ మాట్లాడమన్నారు. పచ్చజెండా ఊపితే ఆగే రైళ్లు కావవి. ఒంటిగంటకి తినవలసిన పులిహోర మూడింటికి తిన్నాం. లెక్చరరు గారు నలభై నిమిషాలు మాట్లాడారు గాని, నా పొట్లం కాగితం యుద్ధంలో ఎవరు గెలిచారో అప్పుడూ చెప్పలేదు.

అప్పారావు గారి గాడిద చివరికి కొండెక్కింది. బస్తాలు దింపింది, చౌకీలో ఉన్నవాళ్లు అన్నం వండుకున్నారు, మంచు కరిగాక అది వాళ్లతో పాటే కిందికి దిగి వచ్చింది. కాంతం గారు కదలకుండా విన్నారు. భోజనాల దగ్గర ఆయన వచ్చి పక్కన కూర్చున్నాక, "బతికే ఉందా అది? మధ్యలోనే చచ్చిపోయిందనుకుని ఇన్నాళ్లూ వినలేక లేచిపోతున్నానండీ" అన్నారు. అప్పారావు గారు ఆవిడ విస్తట్లోకి తన బూరె జరిపారు.

శాలువా ఆ ఏడు విశ్వనాథం గారి సంచిలోనే ఉండిపోయింది. మరుసటి ఏడాది మేటి చర్చకి తీర్పరి అవసరం రాలేదు. గ్రూపులో అందరూ ఒకే మాట మీద ఒకే చర్చని ఎంచారు. "ఐదు దిక్కులా మాట ఇచ్చి ఓడిన నిడదవోలు సేనాని: కారణాలు, గుణపాఠాలు." పటం కూడా గీశారు. మధ్యలో మా కొట్టు. భీమవరం నుంచి, తణుకు నుంచి, పోలవరం నుంచి, రాజమండ్రి నుంచి, మా వీధి చివరి నుంచి నా మీదికి బాణం గుర్తులు. మొదటిరోజే ఫలితం చెప్పేసి ఉంటే ముప్పు తప్పేదని కొందరు, కోడల్ని రాయబారానికి పంపి ఉండవలసిందని కొందరు, నెల రోజులు నన్ను ఉతికారు. ఒక్క అక్షరం వదలకుండా అంతా చదివాను. ఆ చర్చ మొదలుపెట్టింది అప్పారావు గారు. ఆయన భుజాల మీద శాలువా నా చేతనే కప్పించారు. కాంతం గారు ముందు వరసలోనే ఉన్నారు.

ఆనాడే గల్లా పెట్టె మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో ఎవరితోనూ ఆ మాట అనను. పప్పు ఉంటే ఉందని, లేకపోతే లేదని చెబుతాను. ఈ ఒట్టు సంగతి పద్మకి కూడా ఇంతవరకు చెప్పలేదు. మీకోసమే తీసి ఉంచానండి.