పచ్చ రంగు పూసిన కిటికీ

దయాళన్‌ను బతికించింది నేనే. టాబ్లెట్లు కాదు, నా మాట. పగలూ రాత్రీ కన్ను మూయకుండా కాపలా కాశాను. తమిళనాడులో మా బొమ్మిడి చుట్టుపక్కల ఎవరినైనా అడగండి.

దయాళన్ చిన్నప్పుడే శ్రీలంక యుద్ధం నుంచి పడవెక్కి వచ్చినవాడు. మా ఊరి పక్క శరణార్థుల క్యాంపులోనే పెరిగాడు, పెయింటింగ్ పని నేర్చాడు. తల్లి పోయినాక ఒక్కడే. అప్పుడు మా ఇంటికి రంగు వేస్తున్నాడు. ఒకరోజు నేను పొలం నుంచి వచ్చేసరికి మధ్యగది చీకటిగా ఉంది. గోడలతో పాటు కిటికీ అద్దాలకు కూడా పచ్చ రంగు పూసేశాడు. ఇంకా పూస్తూనే ఉన్నాడు.

"ఏమప్పా ఇది?"

"బయటినుంచి కనబడతాము కదా ఐయా," అన్నాడు, బ్రష్ ఆపకుండా.

నేను నవ్వాను. నా భార్య రాజమ్మ నవ్వలేదు. "వాడు అన్నం తిని ఎన్ని దినాలాయనో అడుగు," అంది.

క్యాంపుకు వచ్చే సోషల్ వర్కర్ సెల్విని పిలిపించాము. ఆ అమ్మాయి అతని ఎదురుగా నేల మీద కూర్చుని సూటిగా అడిగింది: "చచ్చిపోవాలని అనిపిస్తా ఉందా అన్నా?"

నేను అడ్డుపడ్డాను. "లేని ఆలోచన పుట్టిస్తావేమమ్మా!"

"అడిగితే పుట్టదు తాతా. అడగకుంటే లోపలే పెరుగుతుంది."

దయాళన్ అవునన్నట్టు తల ఊపాడు.

ధర్మపురి ఆసుపత్రిలో డాక్టరు, "పీటీఎస్‌డీ, అంటే యుద్ధం నాటి భయం మనసును వదలకపోవడం, దాని మీద డిప్రెషన్. టాబ్లెట్లు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు ఒంటరిగా వదలొద్దు," అన్నాడు. క్యాంపు బయట ఉండడానికి సెల్వి ఆఫీసు నుంచి అనుమతి తెచ్చింది. అతన్ని మా ఇంట్లోనే ఉంచుకున్నాము. రాజమ్మ పురుగుమందుల గదికి తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుంది.

నేను ధైర్యం నూరిపోశాను. "మా ముత్తాతలూ తెలుగుదేశంలో ఊరు విడిచి ఇక్కడికి వచ్చినోళ్లే. మేము ఏడ్చినామా?"

ఆ రోజు నుంచి దయాళన్ మాట్లాడడమే మానేశాడు. సెల్వికి తెలిసి మండిపడింది. "మీకు ఇక్కడ భూమికి పట్టా ఉంది తాతా. ఆయనకు ఆ ఊరూ లేదు, ఈ ఊరూ లేదు. నోరు మూసుకుని పక్కన కూర్చోండి, చాలు."

తర్వాత ఒక మధ్యాహ్నం కొండ దగ్గర క్వారీలో రాళ్లు పేల్చారు. ఇంటి గోడలు అదిరాయి. చూస్తే దయాళన్ మంచం ఖాళీ. పెరట్లో బావి గట్టు మీద అతని చెప్పులు జతగా విడిచి ఉన్నాయి. లోపలికి తొంగిచూడడానికి నాకు మెడ వంగలేదు. రాజమ్మే చూసింది. నీళ్లు కదలడం లేదు. అతను పంపుషెడ్డు మూలలో, చెవులు మూసుకుని దొరికాడు. డాక్టరు డోసు మార్చాడు.

మొదట్లో రాసింది కొంచెం సాగదీశాను. రాత్రులు కాచింది రాజమ్మ. నా వంతు మధ్యాహ్నాలు, తిన్నె మీద, నోరు మూసుకుని.

ఇప్పుడు దయాళన్ పనికి పోతున్నాడు. టాబ్లెట్లు, కౌన్సెలింగ్ మానలేదు. క్వారీ పేలే రోజున తనే మా ఇంటికి వచ్చి కూర్చుంటాడు. కిటికీ రంగు అతనే గీకేశాడు. ఒక మూల మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. ఎందుకని నేను అడగలేదు.

మీ ఇంట ఇలాంటి మనిషి ఉంటే నేరుగా అడగండి, ఆసుపత్రికి తీసుకుపోండి. సలహాలు చెప్పకండి. పక్కన మేలుకుని కూర్చోండి.

ఇది చదివి వినిపిస్తే రాజమ్మ ఊరుకోలేదు. "మేలుకోనా? తిన్నె మీద గురక పెట్టి నిద్రపోయినావు కదయ్యా! నువ్వు యాడ కింద పడతావో అని ఆ బిడ్డే నీ కాళ్లు పట్టుకోని కూర్చున్నాడు. అందుకే మళ్లా యాడికీ పోలేదు."