ఎండలో కనపడని మంట

మా కింది అంతస్తు ఆంటీ పోయారు. సింగపూర్ యూ టీలో మా బ్లాకు తెలుగువాళ్ళకి ఈపాటికి తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. మూడు వారాల కిందట ఆదివారం ఉదయం ఆవిడ కూతురు మా తలుపు తట్టి, "అక్కా, అమ్మ నో మోర్" అంది. ఆ పిల్లని లోపలికి రమ్మనాలని కూడా నాకు తోచలేదు. ఇద్దరం గుమ్మంలోనే నిలబడిపోయాం.

ఆంటీది తణుకు వైపు. ఇక్కడి యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి సూక్ష్మజీవుల మీద పరిశోధన చేశారు. ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజుల్లో నాలాంటివాళ్ళం కంపెనీలు మారే పనిలో ఉంటే, ఆవిడ ఉన్న ఉద్యోగం మానేసి, వరిగడ్డిని మురగబెట్టి గ్యాసు తీసే కంపెనీ పెట్టారు. గడ్డి కంపెనీ అని మేమంతా నవ్వాం. ఆవిడా నవ్వేవారు.

"కోతలయ్యాక గడ్డంతా చేలోనే తగలెట్టేస్తున్నారమ్మాయ్. ఊరంతా దగ్గే. అదే గడ్డి పొయ్యిలో వెలిగితే ఎంత బావుంటుంది!"

తర్వాత రోజులు మారాయి. యాప్‌ల మీద డబ్బు కుమ్మరించినవాళ్ళే గడ్డి గురించి అడగడం మొదలెట్టారు. ఆంటీ వాళ్ళని మా ఆఫీసు దగ్గర, తంజోంగ్ పగార్ హాకర్ సెంటర్‌లో తిండి దుకాణాల దగ్గరికే రమ్మనేవారు. అద్దాల గదుల్లో ఆవిడకి మాట పెగలదట. అందరూ టిష్యూ ప్యాకెట్టు పెట్టి టేబుల్ చోప్ చేస్తే, అంటే ముందే ఆపుకుంటే, ఆవిడ ఊచ విరిగిన తన గోధుమరంగు గొడుగు పెట్టేవారు. "దీన్నెవరెత్తుకుపోతారే" అనేవారు. ఎంత పెద్ద ఇన్వెస్టరైనా మకాన్, అంటే తిండి, అయ్యాకే మాటలు. నన్నూ పిలిచి కూర్చోబెట్టి, నా పళ్ళెంలో చేపముక్క వేసేవారు. ఈ ఊళ్ళో నేను తిన్నానో లేదో కనుక్కున్న మనిషి ఆవిడొక్కరే.

తణుకు దగ్గర గడ్డి మురగబెట్టే ట్యాంకు సిద్ధమైన రోజుల్లోనే ఆంటీ జబ్బు ముదిరింది. డాక్టర్లు ఇక మందుల్లేవన్నారు. ఆవిడ మంచం మీంచే రోజూ అక్కడి ఇంజనీరుకి ఫోన్ చేసి, "పిల్లదేం తింది?" అని అడిగేవారు. పిల్లదంటే ట్యాంకు. ముందు పేడ, అది అరిగాక కొంచెం గడ్డి, అదీ అరిగాక ఇంకాస్త. "పొట్ట చూసి పెట్టాలి" అన్నది ఆవిడ రోజూ అనే మాట.

ఒక సాయంత్రం ఆవిడని చూడ్డానికి ఇన్వెస్టరు ఇంటికొచ్చారు. వరంగల్ ఆయన, మంచి మనిషి.

"మేడమ్, జర స్పీడ్ పెంచుదాం. గడ్డి డబల్ వేస్తే మంట జల్ది వస్తది గదా. మీరు గూడ చూస్తరు."

ఆంటీ దిండుకి ఆనుకుని లేచి కూర్చున్నారు.

"డబల్ వేస్తే పులిసిపోద్దండీ. మళ్ళీ మొదట్నించీ మొదలెట్టాలి. ఈలోగా కోతలొచ్చేస్తాయి, రైతులు మళ్ళీ అగ్గిపుల్ల గీస్తారు. నేను చూడ్డానికి దాని పొట్ట పాడుచెయ్యమంటారా?"

ఆయన వెళ్ళాక గోడవైపు తిరిగి ఏడ్చారు. "నాకు మాత్రం చూడాలని ఉండదేంటే?" అన్నారు. నేను వెళ్ళి గంజి కాచి తెచ్చాను. నిజం చెప్పాలంటే ఆవిడ మీద కోపం వచ్చింది. ఒక్కసారి తన కోసం తొందరపడితే ఏం పోయిందని. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

ఆవిడ అస్థికలు రాజమండ్రిలో గోదావరిలో కలిపి, కూతురు అటునుంచి తణుకు వెళ్ళింది. మొన్న నేను హాకర్ సెంటర్లో ఒక్కదాన్నే తింటుంటే వీడియో కాల్ చేసింది.

"అక్కా, గ్యాస్ వచ్చింది! వెలిగించేశారు ఆల్రెడీ!"

ఆరుబయట చిన్న పొయ్యి ఉంది. చుట్టూ మనుషులు నవ్వుతున్నారు. పొయ్యి మీద మాత్రం నాకేమీ కనపడలేదు.

"ఏదే మంట?"

"ఎండ టూ మచ్ లా. వెయిట్."

ఫోను ఎవరికో ఇచ్చి, బ్యాగులోంచి వాళ్ళమ్మ గొడుగు తీసి, పొయ్యికి ఎండ తగలకుండా అడ్డం పట్టింది. విరిగిన ఊచ దగ్గర గుడ్డ ఒక పక్కకి వేలాడుతోంది. ఆ కాస్త నీడలో పొయ్యి చుట్టూ నీలంగా, నిలకడగా వెలుగుతూ మంట కనపడింది.

ఆ పిల్ల చెయ్యి నొప్పెట్టేదాకా గొడుగు దించలేదు. నేనూ ఫోను పెట్టలేదు.